అనంతపురం స్టూడియోలో పాత డెల్ టవర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు: ఒక కేస్ స్టడీ

కమలానగర్‌లోని ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగు, పెళ్లి వీడియోల ఎడిటింగు రెండూ ఒకే కంప్యూటర్ మీద నడుస్తాయి. అది డెల్ ఆప్టిప్లెక్స్ 9020 మినీ టవర్, బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చిన ఆఫీసు మెషిను. ఐ5-4590 ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ, ఒక 2 టీబీ హార్డ్ డిస్కు, 290 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె), విండోస్ 10 ఉన్నాయి. వీటికి తోడు జీటీఎక్స్ 750 టీఐ 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు. మానిటర్లు రెండు: ఆల్బమ్ రంగులు చూసుకునే 24 అంగుళాల ఐపీఎస్, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ టైమ్‌లైన్ పెట్టుకునే పాత 19 అంగుళాల వీజీఏ.

ఫిర్యాదు ఇది. ప్రీమియర్ తెరిచిన కాసేపటికి తెర మీద రంగురంగుల గడులు వచ్చేవి. తెర నల్లబడి, మళ్లీ వెలిగి, డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి తిరిగి మొదలైందని విండోస్ చెప్పేది. కొన్నాళ్లకు డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పక్కన పసుపు త్రికోణం, లోపల కోడ్ 43, అంటే కార్డులో లోపం ఉందని విండోస్ దాన్ని ఆపేసిందని. మాఘమాసం ముహూర్తాల ఆల్బమ్‌లు పెండింగులో ఉన్నాయి. కార్డుకూ, అవసరమైతే మరో చిన్న పార్టుకూ కలిపి యజమాని పెట్టుకున్న హద్దు 20 వేల రూపాయలు.

పోయింది కార్డేనా?

కొత్త కార్డు కొనేముందు తేల్చుకోవాల్సింది ఇదే. తెర మీద గీతలు కేబుల్ వల్ల రావచ్చు, ఎస్‌ఎంపీఎస్ నీరసించినా రావచ్చు, ర్యామ్ వల్ల కూడా రావచ్చు. దానికి చేసిన పరీక్షలు సులువైనవే. కార్డు తీసేసి మానిటర్‌ను మదర్‌బోర్డు వెనకున్న పోర్టుకు కలిపితే ప్రాసెసర్‌లోని హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్ మీద తెర శుభ్రంగా వచ్చింది, గంటల తరబడి గీత కూడా లేదు. తీసిన కార్డు బంగారు పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మరో కంప్యూటర్‌లో వేస్తే అక్కడా అవే గడులు. రెండు చోట్లా ఒకే లక్షణం చూపించింది కాబట్టి తప్పు కార్డుదే. మెమొరీ చిప్పులో, కోర్ కింద టంకంలో లోపం ఉన్నప్పుడు కనిపించే తీరే ఇది.

హాట్ ఎయిర్‌తో వేడి చేసి ఇస్తామనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వేడికి టంకం సర్దుకుని కార్డు కొన్ని వారాలు బతుకుతుంది, తర్వాత మళ్లీ అదే కథ. 750 టీఐ లాంటి 2014 నాటి కార్డుకు ఆ డబ్బు దండగ. పైగా ఎన్విడియా ఈ 750 టీఐ చెందిన మాక్స్‌వెల్, దాని తర్వాతి పాస్కల్ తరాల కార్డులకు పూర్తిస్థాయి డ్రైవర్లను 2025 అక్టోబరుతో ఆపేసింది. ఇక 2028 అక్టోబరు దాకా మూడు నెలలకోసారి భద్రతా సవరణలే వస్తాయి. బాగుచేసినా, అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో తెచ్చినా మొదటి రోజు నుంచే అది కాలం చెల్లిన కార్డు.

ఎస్‌ఎంపీఎస్‌నూ వదిలేయలేదు. ఈ డెల్ ఎస్‌ఎంపీఎస్ వెనక ఒక చిన్న బటన్, పక్కన ఎల్ఈడీ ఉంటాయి. నొక్కితే పచ్చగా వెలగాలి, వెలిగింది. కాకపోతే ఆ పరీక్ష బరువు లేకుండా చేసేది. లోడు పడ్డప్పుడు కూలిపోయే ఎస్‌ఎంపీఎస్ కూడా పచ్చ దీపం చూపిస్తుంది. అందుకని విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో పాత రికార్డు చూడటం జరిగింది. ఎస్‌ఎంపీఎస్ చేతులెత్తేసిన మెషిన్లలో కెర్నల్-పవర్ 41 అనే ఎంట్రీలు వరసగా ఉంటాయి, అంటే విండోస్‌కు చెప్పకుండానే కరెంటు తెగిందని. ఇక్కడ అవి లేవు. ఉన్నవన్నీ డిస్‌ప్లే డ్రైవర్‌కు చెందిన 4101లే.

డబ్బా ఒప్పుకునేది ఎంత

పాత మెషినుకు కార్డు వెతికేటప్పుడు అందరూ గేమింగ్ చార్టులు చూస్తారు. ఏ కార్డు ఎన్ని ఫ్రేములు ఇస్తుందో ఆ పట్టిక చెబుతుంది, ఆ కార్డు ఈ డబ్బాలో లేస్తుందో లేదో చెప్పదు. కాబట్టి ముందు డబ్బా పెట్టే షరతులు రాసుకోవాలి, ఆ తర్వాత పని అడిగేవి, ధర అన్నిటికన్నా చివర.

మొదటి షరతు కరెంటు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణం ప్రకారం పొడవాటి స్లాట్ నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు. అందులో 12 వోల్టుల లైను మీద 66 వాట్లు, మిగతాది 3.3 వోల్టుల మీద. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి 6 పిన్నులో, 8 పిన్నులో వేరే వైరు రావాలి. ఆఫీసు మెషినులోని ఈ 290 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు ఆ వైరు లేదు. లెక్క కట్టి చూస్తే ప్రాసెసర్ 84 వాట్లు, బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు కలిపి ఒక 40, కార్డుకు 70 వేసుకుంటే మొత్తం 194. అంటే 290లో మూడింట రెండు వంతులు. ఏళ్లుగా తిరిగిన ఎస్‌ఎంపీఎస్‌ను అంతకన్నా ఎక్కువ లాగడం మంచిది కాదు. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో గదిలోని గాలే నలభై డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ వేడికి కెపాసిటర్లు ఇంకా త్వరగా ఎండిపోతాయి.

మార్కెట్లో సాటా వైరును 6 పిన్నుగా మార్చే చిన్న అడాప్టర్లు దొరుకుతాయి. వీటిని వాడకూడదు. సాటా కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు మూడే, ఒక్కోటి 1.5 ఆంపియర్లకు తయారైంది. మొత్తం 54 వాట్లు. 6 పిన్నుల సాకెట్టేమో 75 వాట్ల దాకా లాగవచ్చు. ప్లాస్టిక్ కరిగి, పిన్ను నల్లబడి చివరికి కాలిపోయేది ఇక్కడే.

ఎస్‌ఎంపీఎస్ మార్చేస్తే సరిపోదా? 9020 బోర్డుకు మామూలు 24 పిన్నుల సాకెట్ ఉండదు, డెల్ సొంత 8 పిన్నులది ఉంటుంది. మార్పిడి కేబుల్ దొరుకుతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్, ఆ కేబుల్, పెద్ద కార్డు అన్నీ కలిపితే బడ్జెట్ దాటిపోతుంది. అదీగాక 4 కోర్ల 4590 పక్కన అంత పెద్ద కార్డు సగం పనికే తిరుగుతుంది. ఆ దారి అక్కడితో మూసేశాం.

రెండోది స్లాట్. ఈ బోర్డు మీద పొడవాటి స్లాట్లు రెండు ఉన్నాయి, చూడ్డానికి రెండూ ఒకటే. ఒకదానికే 16 లేన్లు (డేటా నడిచే దారులు), రెండోదానికి లోపల 4 లేన్లే. కార్డు వేయాల్సింది మొదటిదానిలోనే. ప్రాసెసర్ నుంచి వచ్చే ఈ లేన్లు పీసీఐ 3.0 వేగానివి, ఒక్కో లేనుకు సెకనుకు దాదాపు 985 ఎంబీ. కార్డు తనకు తానుగా 4 లేన్లకే తయారైతే ఈ బోర్డు మీద దానికి సెకనుకు 4 జీబీ కూడా అందదు. ఇది తర్వాత ఒక కార్డును తీసేయడానికి పనికొచ్చింది.

మూడోది కొలత. టేపు పెట్టి కొలవాలి, ఇంటర్నెట్‌లో చూసిన సంఖ్యను నమ్మకూడదు. స్లాట్ బ్రాకెట్ లోపలి అంచు నుంచి హార్డ్ డిస్కుల గూడు దాకా ఎంతుందో చూసి, సాటా కేబుళ్లు వంగడానికి రెండు సెంటీమీటర్లు తగ్గించుకోవాలి. ఒకే ఫ్యాన్ ఉన్న పొట్టి కార్డులు 170 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంటాయి, ఇక్కడ సులువుగా పడతాయి. మూడు ఫ్యాన్ల పొడవు కార్డు గూడుకు తగులుతుంది. చాలా కార్డులు రెండు స్లాట్ల మందం కాబట్టి పక్క స్లాట్ మూసుకుపోతుంది. అక్కడ వైఫై కార్డో, ఇంకేదో ఉంటే ముందే చోటు మార్చుకోవాలి.

నాలుగోది బూట్. కొత్త కార్డుల్లో కొన్ని లెగసీ బయోస్ అనే పాత బూట్ పద్ధతిలో తెరే చూపించవు. 9020లో కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ ఉంది. కానీ ఇలాంటి సెకండ్ హ్యాండ్ మెషిన్లలో విండోస్‌ను చాలాసార్లు లెగసీ పద్ధతిలోనే వేసి అమ్ముతారు. విండోస్‌లో ఎంఎస్ఇన్‌ఫో32 తెరిచి బయోస్ మోడ్ చూస్తే తెలిసిపోతుంది. ఇక్కడ యూఈఎఫ్ఐ అనే ఉంది, ఒక తలనొప్పి తగ్గింది.

పని ఏమడుగుతోంది

"అన్నా, మంచి గేమింగ్ కార్డు వేస్తే ఫొటోషాప్ గాల్లో పోతుందంట కదా" అన్నది యజమాని మాట. ఊళ్లో చాలామంది అనుకునేదీ అదే. ఫొటోషాప్‌లో లేయర్లు పేర్చడం, క్లోన్, హీలింగ్, ఫైలు సేవ్ చేయడం ఎక్కువగా ప్రాసెసర్, ర్యామ్ మీద నడిచే పనులు. కార్డు సాయపడేది జూమ్, లిక్విఫై, బ్లర్ గ్యాలరీ, న్యూరల్ ఫిల్టర్లు, కెమెరా రా లోని ఏఐ డీనాయిస్ (ఫొటోలోని గరుకు చుక్కలు తీసేసేది) లాంటి చోట్ల.

ఆల్బమ్ లెక్క ఒకసారి వేసుకుంటే విషయం కళ్లకు కడుతుంది. 12x36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీటు 300 డీపీఐలో అంటే 3600 x 10800 పిక్సెళ్లు, దగ్గర దగ్గర 3.9 కోట్ల పిక్సెళ్లు. 8 బిట్ ఆర్‌జీబీలో షీటంతా నిండిన ఒక్క లేయరుకే దాదాపు 117 ఎంబీ. పది లేయర్లు, రెండు మాస్కులు, హిస్టరీ కలిస్తే 8 జీబీ ర్యామ్ చాలక ఫొటోషాప్ డిస్కు మీద స్క్రాచ్ అనే తాత్కాలిక ఫైలు రాయడం మొదలుపెడుతుంది. 'కంప్యూటర్ స్లో' అని స్టూడియోలో అంటున్నదాంట్లో సగం ఇదే. దీనికి కార్డు మందు కాదు. బోర్డు మీద నాలుగు ర్యామ్ స్లాట్లుంటే రెండు ఖాళీగా ఉన్నాయి. ఉన్న రెండు 4 జీబీ స్టిక్కులకు మరో రెండు 4 జీబీ డీడీఆర్3-1600 కలిపి 16 జీబీ చేయడం ఈ కేసులో మొదటి ఖర్చు. పాత డీడీఆర్3 చవకే కాబట్టి కార్డుకు పెట్టుకున్న డబ్బులో పెద్దగా కోత పడలేదు.

వీడియో వైపు లెక్క వేరు. స్టూడియోకు వచ్చే క్లిప్పులను మీడియాఇన్ఫోలో తెరిచి చూస్తే మూడు రకాలు తేలాయి: కెమెరా ఇచ్చే హెచ్.264 8 బిట్ 4:2:0, డ్రోన్ ఇచ్చే హెచ్.265 10 బిట్ 4:2:0, రెండో కెమెరామన్ పంపే హెచ్.265 10 బిట్ 4:2:2. హెచ్.264, హెచ్.265 అంటే వీడియోను కుదించే పద్ధతులు; 4:2:0, 4:2:2 అంటే రంగు సమాచారం ఎంత ఉంచారో చెప్పే గుర్తులు, 4:2:2లో అది ఎక్కువ. పాత 750 టీఐలో హెచ్.265 డీకోడర్ (కుదించిన వీడియోను విప్పే భాగం) లేదు. హెచ్‌డీ 4600కూ లేదు. డ్రోన్ క్లిప్పు టైమ్‌లైన్‌లో పడగానే నాలుగు కోర్లూ నూరు శాతానికి వెళ్లి ప్రివ్యూ నత్తనడక నడిచేది అందుకే. కొత్త కార్డులో హెచ్.265 డీకోడర్, దానితోపాటు ఎక్స్‌పోర్టుకు వీడియోను కుదించే ఎన్‌కోడర్ తప్పనిసరి అని అక్కడ తేలింది. గేమ్ చార్టుల్లో ఈ రెండిటి ఊసే ఉండదు.

వడపోత

అనంతపురం షాపుల్లో అడిగితే వెంటనే చేతికిచ్చేది జీటీ 710, జీటీ 730. పెట్టె కొత్తది, లోపలి చిప్పు మాక్స్‌వెల్ కన్నా పాతదైన కెప్లర్ తరానిది. వీటికి మామూలు డ్రైవర్లు 2021లోనే ఆగాయి, భద్రతా సవరణలు కూడా 2024తో ముగిశాయి. జీటీ 730 పేరుతో అంతకు ముందు తరం ఫెర్మీ చిప్పున్నవీ తిరుగుతున్నాయి, కేవలం 96 కోర్లవి. తెర వెలగడానికైతే ఇవి అక్కర్లేదు, హెచ్‌డీ 4600 ఉచితంగా ఉంది. పనికైతే ఇవి చాలవు.

జీటీ 1030 చాలామంది సిఫార్సు చేసేది. 30 వాట్లు, చల్లగా ఉంటుంది, హెచ్.265 డీకోడ్ చేస్తుంది. కానీ అందులో ఎన్‌వీఎన్క్ అనే ఎన్విడియా ఎన్‌కోడరే లేదు. ఎక్స్‌పోర్టు భారమంతా మళ్లీ ప్రాసెసర్ మీదికే. ఇంకో తిరకాసు: ఇదే పేరుతో జీడీడీఆర్5, డీడీఆర్4 రెండు రకాలు అమ్ముతారు. మొదటిది సెకనుకు 48 జీబీ మెమొరీ వేగం, రెండోది 17 జీబీ కూడా లేదు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో తప్ప తేడా కనబడదు.

సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1050 టీఐ బెంగళూరు ఎస్.పి. రోడ్డులో బాగా దొరుకుతుంది. 75 వాట్లు, 4 జీబీ, ఎన్‌కోడర్ ఉంది. అయితే ఇది పాస్కల్, డ్రైవర్ గడువు పైన చెప్పినదే. అదీగాక ఈ పేరుతో నకిలీలు కూడా చాలా వచ్చాయి. పాత జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ కార్డుల బయోస్ మార్చి 1050 టీఐ అని చూపిస్తారు. పట్టుకునే గుర్తు ఒకటుంది: పాస్కల్ కార్డులకు అనలాగ్ అవుట్‌పుట్ లేదు. కాబట్టి 1050 టీఐ అని చెప్పే కార్డు వెనక నీలం వీజీఏ పోర్టు కనిపిస్తే అనుమానించాల్సిందే. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేరు ముందు ఫేక్ అన్న మాట వస్తే ఇక బేరం అక్కర్లేదు.

రేడియన్ ఆర్ఎక్స్ 6400కు 53 వాట్లే, కాగితం మీద చక్కగా ఉంటుంది. దీనికి 4 లేన్లే. పీసీఐ 4.0 మీద అవి చాలు, ఇక్కడి 3.0 మీద సగానికి పడిపోతాయి. వీడియో ఎన్‌కోడర్ కూడా తీసేశారు. ఎడిటింగ్ మెషినుకు ఇది పనికిరాదు.

ఇంటెల్ ఆర్క్ ఏ380ని వదులుకోవడం కొంచెం బాధే. 75 వాట్లు, 6 జీబీ, పైగా రెండో కెమెరామన్ పంపే హెచ్.265 4:2:2ను కూడా హార్డ్‌వేర్‌లోనే విప్పగలదు. కానీ రీసైజబుల్ బార్ (కార్డు మెమొరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) లేని బోర్డు మీద దాని వేగం బాగా పడిపోతుంది, ఇంటెల్ చెప్పేది 10వ తరం ప్రాసెసర్ల నుంచి పైకి. 4వ తరం బోర్డులో ఆ సదుపాయం లేదు.

జీటీఎక్స్ 1660 సూపర్ 125 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3050 8 జీబీ 130 వాట్లు. రెండిటికీ 8 పిన్నుల వైరు కావాలి, కరెంటు షరతు దగ్గరే ఆగిపోయాయి. జీటీఎక్స్ 1630కి 64 బిట్ మెమొరీ బస్సు, ధరకు తగ్గ సరుకు కాదు.

చివరికి మిగిలినవి రెండు. జీటీఎక్స్ 1650: 75 వాట్లు, 4 జీబీ, 6 పిన్నుల సాకెట్ లేని మోడల్ చూసి తీసుకోవాలి. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ: 2024 ఫిబ్రవరిలో వచ్చింది, 70 వాట్లు, వేరే వైరు అక్కర్లేదు, 2304 కోర్లు, సెకనుకు 168 జీబీ మెమొరీ వేగం, 8 లేన్లు. పాత 750 టీఐకి 60 వాట్లు కాబట్టి ఎస్‌ఎంపీఎస్ మీద అదనంగా పడేది 10 వాట్లే. 8 లేన్లు పీసీఐ 3.0 మీద సెకనుకు దాదాపు 7.9 జీబీ ఇస్తాయి, ఈ కార్డు చేసే పనికి అది చాలు. 1650లో లేని టెన్సర్ కోర్లు (ఏఐ లెక్కలకు ప్రత్యేకమైన భాగాలు) ఇందులో ఉన్నాయి, కెమెరా రా డీనాయిస్‌లో తేడా కొట్టొచ్చినట్టు తెలిసేది వాటివల్లే. పెళ్లి మంటపంలో రాత్రి తీసిన 6400 ఐఎస్‌ఓ ఫొటోలు వందల్లో ఉండే స్టూడియోకు ఇది చిన్న విషయం కాదు. 3050 6 జీబీ, ఒకే ఫ్యాన్ మోడల్ ఖాయమైంది.

పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. '3050' అని మాత్రమే చెప్పి ఆర్డర్ పెడితే 8 జీబీది రావచ్చు. ఎక్కువ జీబీ వచ్చిందని సంతోషపడేలోపు దాని 8 పిన్నుల సాకెట్ కనబడుతుంది. ఆర్డర్‌లో 6 జీబీ అని, పవర్ కనెక్టర్ లేనిదని రెండూ రాయించాలి.

ఇదే 9020 చిన్న ఎస్ఎఫ్ఎఫ్ డబ్బాలో వచ్చి ఉంటే సగం ఎత్తు కార్డే పట్టేది. అప్పుడు 3050 6 జీబీలోనే లో-ప్రొఫైల్ మోడల్, లేదా సెకండ్ హ్యాండ్ ఎన్విడియా టీ600, టీ1000 చూడవచ్చు. అవి 40, 50 వాట్లే. వాటికి ఉండేవన్నీ మినీ డిస్‌ప్లేపోర్టులు కాబట్టి అడాప్టర్ల ఖర్చు, చిన్న బ్రాకెట్ పెట్టెలో ఉందో లేదో రెండూ ముందే అడగాలి.

కొనుగోలు

కొత్తదే కొనడం, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోవడం ఇక్కడ నియమంగా పెట్టుకున్నాం. బిల్లు లేకుండా కొంచెం తక్కువకు ఇస్తామనే బేరం వారంటీని తినేస్తుంది. సెకండ్ హ్యాండ్ తప్పదనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీకి గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక ఆ ఫారాల్లో తిరిగిన కార్డులు కుప్పలుగా బజారుకొచ్చాయి. షాపులోనే జీపీయూ-జెడ్ తెరిపించి, కార్డు మీద పూర్తి భారం వేసే ఫర్‌మార్క్ పది నిమిషాలు నడిపించి, ఫ్యాన్ శబ్దం విని, థర్మల్ ప్యాడ్ల నుంచి నూనె కారిన మరకలున్నాయేమో వెనక నుంచి చూసి తీసుకోవాలి. పది నిమిషాలు నడపనివ్వని చోట కొనక్కర్లేదు.

అమర్చడం

పాత డ్రైవర్‌ను డీడీయూ అనే డ్రైవర్లు తీసేసే టూల్‌తో సేఫ్ మోడ్‌లో తుడిచేశాం. అంతకుముందే ఇంటర్నెట్ కేబుల్ పీకాలి, లేకపోతే రీస్టార్ట్ అయిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ తనకు తోచిన డ్రైవర్ వేసేస్తుంది. కొత్త డ్రైవర్ ఫైలు ముందే దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. గేమ్ రెడీ కాకుండా స్టూడియో డ్రైవర్ తీసుకున్నాం.

డబ్బా విప్పాక మొదటి పని దుమ్ము. ఆరుబయట బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి, వేగంగా తిరిగితే బేరింగు పోతుంది. స్టూడియోలో ఎండాకాలం వాటర్ కూలర్ గాలి సూటిగా ఈ డబ్బా మీదికే వచ్చేలా పెట్టారు. చల్లగా ఉంటుందన్నది వాళ్ల ఆలోచన. కూలర్ గాలిలో తేమ ఉంటుంది, రెక్కల మీద దుమ్ము పేస్టులా అంటుకుంటుంది, పిన్నులకు తుప్పు మొదలవుతుంది. డబ్బాను ఆ గాలి నుంచి తప్పించి, టేబుల్ కింది చెక్క అర నుంచి బయటికి తెచ్చాం.

కార్డు వేయడంలో చెప్పుకోదగ్గది తక్కువ. పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి, ఇనుప డబ్బాను చేత్తో తాకి, కార్డును 16 లేన్ల స్లాట్‌లో గొళ్లెం టక్కుమనేదాకా నొక్కాలి. బ్రాకెట్ సరిగా కూర్చోకపోతే కార్డు వెనక చివర పైకి లేస్తుంది. మొదటిసారి తెర రాని కేసుల్లో ఎక్కువ భాగం ఇదే.

బయోస్‌లో వీడియో విభాగం కింద మల్టీ-డిస్‌ప్లేను ఆన్ చేశాం. అది ఆఫ్‌లో ఉంటే కొత్త కార్డు పడగానే హెచ్‌డీ 4600 నిద్రపోతుంది. ఆన్‌లో ఉంటే బోర్డు మీది వీజీఏ పోర్టు పనిచేస్తుంది, 19 అంగుళాల పాత మానిటర్ నేరుగా దానికే కలిపేయవచ్చు. కొత్త కార్డులకు వీజీఏ లేదని అడాప్టర్ కొనాల్సిన పని తప్పింది.

ఇక అందరూ మరిచిపోయే సెట్టింగు ఒకటి. హెచ్‌డీఎమ్ఐ మీద కలిపినప్పుడు ఎన్విడియా డ్రైవర్ కొన్నిసార్లు మానిటర్‌ను టీవీ అనుకుని రంగుల పరిధిని 16–235కు కుదిస్తుంది. నలుపు బూడిదగా, తెలుపు మసకగా కనిపిస్తుంది. ఇక్కడా అదే జరిగింది. డిజైనర్ దాన్ని చూసి కాంట్రాస్ట్ పెంచితే ల్యాబ్ నుంచి వచ్చే ప్రింటులో పట్టుచీర మడతలన్నీ నల్లగా మూసుకుపోతాయి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో రిజల్యూషన్ పేజీకి వెళ్లి అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ను ఫుల్ చేయాలి. మానిటర్ కలర్ ప్రొఫైల్ కూడా కొత్త కార్డుతో తెగిపోయింది, కలర్ మేనేజ్‌మెంట్‌లో మళ్లీ తగిలించాం.

ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో రెండరర్‌ను కార్డుతో లెక్కలు చేయించే కుడా (CUDA) కు, ప్రిఫరెన్సెస్ మీడియా పేజీలో హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను ఎన్విడియాకు మార్చాం. ఎక్స్‌పోర్టులో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పెట్టాం. జీపీయూ-జెడ్‌లో బస్సు దగ్గర '8 లేన్లు, 1.1' అని చూసి కంగారు పడనక్కర్లేదు, పని లేనప్పుడు కార్డు వేగం తగ్గించుకుంటుంది. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే 3.0కు ఎక్కింది.

తర్వాత

డ్రోన్ క్లిప్పులు ఇప్పుడు టైమ్‌లైన్‌లో సాఫీగా నడుస్తున్నాయి. టాస్క్ మేనేజర్‌లో వీడియో డీకోడ్ గీత పైకి లేస్తుంది, ప్రాసెసర్ ఊపిరి పీల్చుకుంటుంది. లుమెట్రి రంగు సవరణలు, స్కేలింగ్ ఉన్న ప్రాజెక్టుల ఎక్స్‌పోర్టు బాగా తగ్గింది. వీడియో వణుకు తగ్గించే వార్ప్ స్టెబిలైజర్ మాత్రం దాదాపు మునుపటంతే, అది ప్రాసెసర్ పని. ఫర్‌మార్క్ పది నిమిషాల్లో కార్డు వేడి 70ల్లోనే నిలిచింది. మే నెలలో మళ్లీ చూడాలని రాసి పెట్టాం.

రెండో కెమెరామన్ 4:2:2 క్లిప్పుల సమస్య తీరలేదు. ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కు ముందు కార్డులేవీ దాన్ని హార్డ్‌వేర్‌లో విప్పవు. దీనికి రెండు దారులు చెప్పాం: కెమెరాలో ఆ ఎంపిక ఉంటే 10 బిట్ 4:2:0కు మార్చడం, లేదంటే రాత్రిపూట ప్రాక్సీలు (ఎడిటింగుకు వాడే తేలికపాటి నకళ్లు) తయారు చేసుకోవడం. పెళ్లి వీడియోకు 4:2:0 చాలు. క్రోమా కీ (పచ్చ తెర తీసేసి వేరే నేపథ్యం పెట్టడం) చేసేవాళ్లకే ఆ తేడా పట్టేది.

కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది, కరెంటు పోయినప్పుడల్లా మెషిను రీస్టార్ట్ అవుతోందని. కొత్త కార్డును అనుమానించారు. చూస్తే 600 వీఏ యూపీఎస్, పాత బ్యాటరీ. కాగితం మీద 360 వాట్లు మోయాలి. బ్యాటరీ నీరసించి రెండు మానిటర్లు, రెండరింగ్‌లో ఉన్న మెషిను కలిపి ఒక్కసారి మీద పడగానే కింద పెట్టేసేది. బ్యాటరీ మార్చాక ఆ ఫిర్యాదు లేదు.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. 4వ తరం ప్రాసెసర్‌ను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. పొడిగించిన భద్రతా నవీకరణలకు ఈ మెషినును నమోదు చేశాం, వాటి గడువు 2026 అక్టోబరు దాకా. ఆపైన బోర్డు, ప్రాసెసర్ మారాల్సిందే, ఈ కార్డు అలాగే అందులోకి వెళ్తుంది. బిల్లు, పెట్టె, యాంటీ-స్టాటిక్ కవరు స్టూడియో బీరువాలో పెట్టించాం.